బండిని లాగే తాడు, బిడ్డను మోసే తాడు

ఒక పదును వాన పడిన మరుసటి రోజు, ప్రొద్దుటూరు జమ్మలమడుగు మధ్య రోడ్డు దిగి చేలోకి పోయిన బండి ఏదైనా సరే, పొద్దు గుంకేలోగా నాకు ఫోను వస్తుంది. అది నల్లరేగడి. ఎండాకాలంలో కాలు దూరేంత నెర్రెలు విచ్చే నేల, తడిస్తే జిగురుముద్దై చక్రాన్ని ఇరుసు దాకా పట్టేస్తుంది. ట్రాక్టరు దిగబడితే దాన్ని లాగను ఇంకో ట్రాక్టరు తెస్తారు. అదీ దిగబడుతుంది. అప్పుడు నన్ను పిలుస్తారు. పెన్న ఇసుకలో కూరుకుపోయిన బండ్లు, ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనుల్లో వాలు మీద జారిన లారీలు, గండికోట చూసి వస్తూ మట్టిదారి పట్టిన కార్లు, పులివెందుల అరటితోటల్లో కాలవగట్టు తెగి ఒరిగిన గెలల బండ్లు. పందొమ్మిదేండ్లుగా ఇదే నా పని.

నాది పాత మహీంద్రా జీపు. ముందు బంపరుకు వించ్, అంటే డ్రమ్ముకు తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం, బిగించి ఉంది. దాని మీద 9,500 పౌండ్లని రాసి ఉంటుంది, అంటే సుమారు 4,300 కిలోల లాగుడు. ఆ లెక్క డ్రమ్ము మీద తాడు ఒక్క వరుసే మిగిలినప్పటిది. వరుసలు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. వెనక ఇనుప పెట్టెలో పిన్నుతో మూసే ఇనుప లంకెలు, అవే డి-షాకిళ్ళు, పక్కరేకు తెరిచి తాడు ఎక్కించే గిలక, అదే మేం స్నాచ్ బ్లాక్ అంటాం, చెట్టుకు చుట్టే వెడల్పు పట్టీలు, సాగే నైలాన్ తాళ్ళు రెండు, చేత్తో ఆడించే పుల్లింగ్ మిషను ఉంటాయి. వీటితో ఎనిమిది టన్నుల బరువును కూడా కదిలించాను. అందుకే మా అక్క కొడుకు ఆ మాట అడిగినప్పుడు, ఇదేం పెద్ద పని అనుకున్నాను.

వాడికి పదకొండేండ్లు. బడివాళ్ళతో విశాఖకు పోయి, కైలాసగిరి మీద జనం తీగకు వేలాడుతూ జారిపోయే జిప్‌లైన్ చూసొచ్చాడు. వాళ్ళ టీచరు పిల్లలను ఎక్కనివ్వలేదంట. దసరాకు ప్రొద్దుటూరు వచ్చి, అమ్మవారి ఊరేగింపు చూసి పులివెందులకు తిరిగిపోయేటప్పుడు జీపులో నా పక్కన కూర్చుని, ముద్దనూరు దాటేవరకూ అదే మాట.

"నీకాడ అన్నీ ఉండాయి గదా మామా. మన తోటలో కట్టొచ్చు గదా?"

మా బావ తోట పులివెందులకు ఆరేడు కిలోమీటర్లు. ఒక పక్క అరటి, ఒక పక్క చీనీ. పడమటి అంచున చిన్న గుట్ట, దాని మీద ఇద్దరు చేతులు చాస్తే గానీ అందనంత చింతమాను. కింద కళ్ళం పక్కన లావాటి వేపచెట్టు. రెండింటి మధ్య అడుగులేసి కొలిస్తే 50 మీటర్లు. దేవుడు జిప్‌లైన్ కోసమే పెట్టినట్టుంది ఆ చోటు.

మొదటి రోజు కళ్ళంలోనే, దగ్గర దగ్గరగా ఉన్న రెండు చెట్ల మధ్య సాగే తాళ్ళు రెండూ కలిపి కట్టి చూశాం. ఆ తాడు పని తీరే వేరు. బురదలో దిగిన బండికి దాన్ని తగిలించి ముందు బండి కాస్త ఊపుగా పోతే, తాడు 20 నుంచి 30 శాతం దాకా సాగి ఆ ఊపునంతా తనలో దాచుకుని, మెల్లగా వెనక్కి ముడుచుకుంటూ బండిని బయటికి గుంజుతుంది. సాగడమే దాని గుణం. 40 కిలోల ఇసుక మూట వేలాడదీసేసరికి మధ్యకు రాకముందే మూట నేలకు ఆనింది. ఎంత బిగించినా అంతే. ఇంకా బిగిస్తే, సాగిన తాడులో దాగిన బలం ఏ ముడి దగ్గర తెగి బయటపడుతుందోనని భయం. దాన్ని విప్పేశాం.

రెండో రోజు వించ్ మీది తాడు వాడాను. ఇప్పటి వించ్‌లకు ఉక్కు తీగకు బదులు పాలిథిలీన్ జాతి పోగుల తాడు వస్తోంది. చేతికి దూదిలా తేలిక, బరువుకు బరువు చూస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు గట్టి. దాని మీద స్నాచ్ బ్లాక్‌నే బండిలా నడిపాం. మూట బాగా జారింది. పిల్లలు కేరింతలు కొట్టారు. పదిహేనుసార్లు పంపాక నాకెందుకో అనుమానమొచ్చి గిలక మీద చెయ్యి పెట్టి చూస్తే చురుక్కుమంది. తాడు మీద ఒక వరస వెంబడి పోగులు మెరుస్తూ గట్టిపడి ఉన్నాయి, గోరుతో గీకితే గరుకుగా తగిలాయి. ఆ పోగు సుమారు 150 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది. పైగా ఎప్పుడూ బరువు మీదనే ఉంచితే రోజురోజుకూ కొంచెం కొంచెం సాగుతూ పోతుంది. గిలకదీ అదే కథ. తాడు దిక్కు మార్చడానికీ, లాగుడు బలం రెట్టింపు చేయడానికీ చేసిన వస్తువది. నిమిషానికి నాలుగు గజాలు కదిలే తాడు కోసం చేసిన గిలకను పరుగెత్తిస్తే పక్కరేకులు తాడును కోస్తాయి.

అప్పుడు ఉక్కు తీగకు వచ్చాను. మా బావ, "పాత క్రేను తీగ అంగట్లో శానా ఉంటాది, తూకానికి ఇస్తారు" అన్నాడు. పోయి చూశాను. ప్రొద్దుటూరులో పాత ఇనుము అంగళ్ళకు కరువు లేదు. నాలుగు చుట్టలు తిప్పి చూస్తే నాలుగింటిలోనూ తెగిన పోగులు ముళ్ళలా లేచి ఉన్నాయి. ఒకదాంట్లో మెలిక పడి విప్పిన గుర్తు ఉంది. మెలిక పడిన చోట తీగ చక్కబడినట్టు కనిపించినా లోపల దెబ్బ తినే ఉంటుంది. బావకు చెప్పకుండా కొత్త తీగే తెప్పించాను. 12 మిల్లీమీటర్ల మందం, ఐఎస్ 2266 ముద్ర, పరీక్ష కాగితం వెంట. ఇలాంటిది తెగాలంటే సుమారు 8 టన్నుల లాగుడు కావాలి.

అంత గట్టి తీగ ఉందన్న ధీమాతోనే తప్పు చేశాను. రెండు కొనలనూ చెట్ల చుట్టూ తిప్పి, మడిచి, మూడేసి బుల్‌డాగ్ క్లాంపులు బిగించాను. వించ్‌తో బాగా లాగాను. తీగ వీణ తీగలా మోగింది. నాకది పనితనం అనిపించింది. 90 కిలోల మూట కట్టి వదిలాం. మధ్యకు వచ్చేసరికి వేపచెట్టు దగ్గర కిర్రుమని ఒక్క చప్పుడు. తీగ కొన క్లాంపుల్లోంచి జారి పాములా బయటికొచ్చింది. మూట రొమ్మెత్తు నుంచి పడి పగిలి, ఇసుకంతా అక్క వేసుకున్న వంకాయ మడిలో చిమ్మింది. తీగ కింద ఎవరూ ఉండకూడదని ముందే గీత గీశాను గనుక పిల్లలు దూరంగా ఉన్నారు. మా అక్క వంటింట్లోంచి వచ్చి ఆ ఇసుక వంక చూసింది, నా వంక చూసింది. ఒక్క మాటా అనలేదు. ఆ రాత్రే జమ్మలమడుగు బయలుదేరాను.

అక్కడ నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. సిమెంటు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏండ్లు రిగ్గింగు పని చేసి రిటైరైన మనిషి. పెద్ద పెద్ద యంత్రాలను తాళ్ళ మీద ఎత్తి, వెంట్రుకవాసి తేడా లేకుండా దింపించినవాడు. నేను చెప్పిందంతా కండ్లు మూసుకుని విన్నాడు.

"నాయనా, నువ్వు ఇన్నేండ్లూ బండ్లను లాగినావు. మనుషులను యాలాడదీయలేదు. బండి జారితే గుంతలోనే ఉంటాది. రేపొద్దున నేనొస్తా పద."

ఆయన తోటకొచ్చి మొదట చూసింది క్లాంపులనే. బుల్‌డాగ్ క్లాంపుకు రెండు భాగాలు. ఒకటి ఇంగ్లీషు యూ అక్షరంలా వంగిన బోల్టు, ఇంకోటి గాడి తీసిన దిమ్మ. దాన్ని జీను అంటారు. బరువు మోసే పొడుగు తీగ జీను గాడిలో కూర్చోవాలి. మడిచి తెచ్చిన పొట్టి కొన మీదకు యూ బోల్టు రావాలి. బోల్టు తీగను నొక్కి నలుపుతుంది, నలిగితే పొట్టి కొన నలగాలి గాని మోసే తీగ నలగకూడదు. నేను రెండింటిని తిరగేసి పెట్టాను, మూడోదాన్ని సరిగ్గా పెట్టాను. అంటే నాకు తెలిసి చేసింది ఏదీ లేదన్నమాట. ఇంకో సంగతి, బరువు పడగానే తీగ సాగి కొంచెం సన్నబడుతుంది, అప్పుడు క్లాంపు వదులవుతుంది. అందుకే మొదటి బరువు వేసి దించాక మళ్ళీ బిగించాలి. నేను బిగించలేదు. ఆయన ఒక్కో కొనకు నాలుగు క్లాంపులు వేయించాడు. ఒకదానికొకటి జానెడు కన్నా తక్కువ ఎడం, తీగ మందానికి ఆరు రెట్లు. వంపు లోపల థింబుల్ పెట్టించాడు, తీగ ఒక్కచోటే విరగకుండా గాడి ఉండే ఇనుప కమ్మీ అది. రెండడుగుల పానా చివర పదిహేను కిలోల బరువు వేలాడితే ఎంత బిగుతో, నట్టుకు అంత బిగుతు. మొదటిసారి బరువు వేశాక ఒకసారి, మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి మళ్ళీ పానా. ఇంత చేసినా క్లాంపు కట్టులో తీగ అసలు బలంలో 80 శాతమే లెక్కలోకి వస్తుందని చెప్పాడు.

క్లాంపుల పని అయ్యాక తీగను వేలితో మీటాడు. "ఇంత బిగువెందుకు?" అన్నాడు. గట్టిగా ఉంటే భద్రం గదా అన్నాను.

ఇక్కడే అసలు కీలకం ఉంది. మనింట్లో దండెం ఉదాహరణ చాలు. వదులుగా కట్టిన దండెం మధ్యలో తడి దుప్పటి వేస్తే దండెం కుంగుతుంది, మేకులకు ఏమీ కాదు. అదే దండెం బిర్రుగా కట్టి అదే దుప్పటి వేయండి. గోడలో మేకు ఊడి వస్తుంది. దుప్పటి బరువు మారలేదు, తీగ పడే బాధ మారింది. బరువును పైకి మోయగలిగేది తీగ వంపులోని ఏటవాలే. వంపు తక్కువైతే అదే బరువు మోయడానికి తీగ రెండు పక్కలకూ ఎన్నో రెట్లు లాగాలి.

పెద్దాయన నేల మీద పుల్లతో లెక్క రాసి చూపించాడు. మనిషి బరువును చెట్ల మధ్య దూరంతో గుణించి, మధ్యలో తీగ కుంగిన లోతుకు నాలుగు రెట్లతో భాగించాలి. 80 కిలోల మనిషి, 50 మీటర్ల దూరం. తీగ 2 మీటర్లు కుంగితే లాగుడు 500 కిలోలు. 1 మీటరే కుంగితే 1,000 కిలోలు. అర మీటరే కుంగేలా బిగిస్తే 2,000 కిలోలు. మనిషి అదే మనిషి. ఇది తీగ సొంత బరువు కలపకుండా వేసిన లెక్క. నా వించ్‌కు 4,300 కిలోల బలముంది గనుక నేను మీట నొక్కుతూ పోతే అది అడ్డు చెప్పకుండా బిగిస్తూ పోయింది. అంత బలమున్న యంత్రం చేతిలో ఉండటమే ఈ పనిలో మొదటి ప్రమాదం. చేత్తో ఆడించే పుల్లింగ్ మిషనైతే బిగువు పెరిగేకొద్దీ చెయ్యి బరువెక్కి మనకే తెలుస్తుంది.

మనిషి ఎక్కినప్పుడు మధ్యలో రెండున్నర మీటర్లు కుంగేలా వదులు చేశాం. తాపీవాళ్ళు గోడ మట్టం చూసే నీళ్ళ గొట్టంతో ఎత్తులు కొలిచాం. అప్పుడు లాగుడు 400 కిలోలు, తీగ బరువు కలిపితే 500కు లోపు. 8 టన్నుల తీగకు అది పదోవంతు కూడా కాదు. లారీ లాగేటప్పుడు నేను ఇంత ఎడం ఎప్పుడూ చూసుకోలేదు. మనిషి ప్రాణం వేలాడే చోట కనీసం పది రెట్లు ఉండాలన్నది పెద్దాయన పట్టు, ఆ పట్టు నాకు ఇప్పుడు నచ్చింది. ఎండలకు తీగ పొడుగు మారే లెక్క కూడా ఆయనే చెప్పాడు. పొద్దున చలికీ మే నెల మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే 50 మీటర్ల తీగ పెరిగేది 18 మిల్లీమీటర్లే, రెండు వేళ్ళ మందం కూడా లేదు. కానీ దానివల్ల మధ్యలో కుంగేది దాదాపు బెత్తెడు ఎక్కువవుతుంది. కాళ్ళ కింద ఎడం చూసేటప్పుడు కడప ఎండను లెక్కలో వేసుకోవాల్సిందే.

చెట్ల విషయంలో నాకు కొంచెం తెలుసు. మునగ చెట్టుకు తాడు కట్టకూడదని మన పల్లెల్లో పిల్లవాడికి కూడా తెలుసు, కొమ్మ పుటుక్కున విరుగుతుంది. చింత, వేప చేవ కలవి. ఎంత చేవ ఉన్నా తీగను బెరడు మీదే చుడితే చెట్టు చుట్టూ గాడి పడి, ఆహారం కిందికి పోయే దారి తెగి, చెట్టు నిలువునా ఎండుతుంది. మా దగ్గరుండే వెడల్పు పట్టీ గంటసేపు లాగుడుకు సరిపోతుంది, నెలల తరబడి ఎండలో ఉంచితే పాలియెస్టర్ పోగు బూజుపట్టినట్టు పొడిబారుతుంది. అందుకని మాను చుట్టూ నిలువుగా చెక్కదిమ్మెలు పేర్చి, వాటి మీద తీగ చుట్టాం. వేపచెట్టు వెనక గుంత తీసి, బండ పాతి, అక్కడికి ఇంకో తీగతో ఆనుడు కట్టు కట్టాం.

జీపు పని ఇక్కడ. జీపును గుట్ట కింద నిలిపి, నాలుగు చక్రాలకూ రాళ్ళు పెట్టి, చింతమానుకు స్నాచ్ బ్లాక్ కట్టి దాని మీదుగా తీగను వించ్‌తో పైకి లాగించాం. లాగుతున్న తాడు మీద తడిపిన గోనెసంచి వేశాం. తాడు తెగితే కొరడాలా మనిషి మీదికి రాకుండా ఆ సంచి బరువుకు నేలకు పడుతుంది. ప్రతి లాగుడులోనూ నేను ఇది చేస్తాను. బిగువు కుదిరాక పుల్లింగ్ మిషనుతో పట్టి ఉంచి, క్లాంపులు బిగించి, బరువంతా కట్టుకు అప్పజెప్పి, వించ్ వదులు చేసి జీపును పక్కకు తీసేశాం. వించ్‌ను అలాగే వదిలేసి జిప్‌లైన్‌కు కొనగా వాడే వాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. వించ్ లోపల బ్రేకు బండిని లాగే కాసేపటికే. మనుషులను ఎత్తడానికి, వేలాడదీయడానికి కాదని దాని మీదే రాసి ఉంటుంది. ఎవరో జీపు ఎక్కి హ్యాండ్‌బ్రేకు తీస్తే చాలు.

నా పెట్టెలోంచి బరువు మోసే చోట మిగిలింది షాకిళ్ళు మాత్రమే. అవీ 4.75 టన్నులని ఒంటి మీద ఉబ్బెత్తుగా రాసినవి. రాత లేని షాకిల్ ఎంత లావుగా ఉన్నా పక్కన పెట్టాం. ఇక్కడ నా చేతి అలవాటు ఒకటి మార్చుకోవాల్సి వచ్చింది. బండి లాగేటప్పుడు షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి, పావుచుట్టు వెనక్కి తిప్పుతాం, బరువుకు పట్టేయకుండా. జిప్‌లైన్‌లో ఆ పావుచుట్టే ప్రాణాంతకం. రోజూ కదిలే కదలికకు పిన్ను మెల్లగా విప్పుకుంటుంది. కడదాకా బిగించి, పిన్ను చెవి బెజ్జంలోంచి కట్టుతీగ దూర్చి షాకిల్ కాడకు చుట్టాలి. మొదటి రెండు రోజులూ నా వేళ్ళు వాటంతట అవే పావుచుట్టు వెనక్కి తిప్పేవి. మళ్ళీ పోయి చూసుకునేవాణ్ణి.

మా జేజినాయన కాలంలో బావి నీళ్ళు తోడను కపిల ఉండేది. తోలు బాన, మోకు, గిలక, రెండెద్దులు. మోకు తెగి ఎద్దులు ముందుకు పడి కాళ్ళు విరిగిన కథలు మా జేజి చెప్పేది. పొద్దున్నే ఆయన మొదటి పని మోకు మొత్తం చేత్తో తడిమి చూడటమంట. గిలక, తాడు, వాలు మన రైతులకు కొత్తవి కావు. హిమాలయాల్లో నదుల మీద జనం తీగకు వేలాడే పెట్టెల్లో కూర్చుని గట్టు మారుతున్నారు. మధ్య అమెరికా అరటితోటల్లో గెలలను తీగల మీద వేలాడదీసి ప్యాకింగ్ షెడ్డు దాకా లాక్కుపోతారు, కాయకు దెబ్బ తగలకుండా. అదే ప్రాంతంలోని కోస్టారికాలో 1970లలో డొనాల్డ్ పెర్రీ అనే జీవశాస్త్రవేత్త అడవి కొమ్మల మీది జీవాలను చూడటానికి చెట్ల మధ్య తాళ్ళు కట్టి తిరిగాడు. విహారంగా ఇప్పుడు లోకమంతా పాకిన జిప్‌లైన్ చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. ఆ అరటి తీగల సంగతి చెప్తే మా బావ వింటూనే తన తోట వైపు చూశాడు. గెల నేలకు తగలకుండా రోడ్డు దాకా రావడమంటే ఆయనకు జిప్‌లైన్ కన్నా ఎక్కువ.

తీగ కుదిరాక వాలు దగ్గర ఇంకో పాఠం. ఎగువ కట్టుకూ దిగువ కట్టుకూ మొదట పదడుగుల తేడా పెట్టాం. మూట రివ్వున పోయి వేపచెట్టుకు కట్టిన టైరును గుద్దింది, చెట్టు ఆకులు రాలాయి. పిల్లవాడి కాళ్ళు ఆ టైరుకు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దిగువ కట్టును ఐదడుగులు పైకి జరిపాం. ఇప్పుడు తీగ మధ్య దాటాక కొంచెం దూరంలో అట్టడుగుకు వచ్చి, అక్కడి నుంచి మళ్ళీ పైకి ఎక్కుతుంది. ఆ ఎక్కుడులో వేగం దానంతటదే చస్తుంది. మూట వేపచెట్టుకు నాలుగు గజాల ఇవతల నిలిచిపోయింది. బరువు ఎక్కువుంటే వేగం ఎక్కువ, తక్కువుంటే మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని 25 కిలోల మూటతోనూ 100 కిలోల మూటతోనూ, గాలి ఉన్నప్పుడూ లేనప్పుడూ పంపి చూశాం. ఆ ఎక్కుడును నమ్ముకుని ఊరుకోలేదు. చివర స్ప్రింగ్ బ్రేకు ఒకటి, దాని వెనక సాగే తాడుతో రెండోది. కళ్ళంలో పనికిరాదని విప్పేసిన ఆ తాడు ఇక్కడ తన గుణానికి తగిన పని చేసింది. కింద పెన్న ఇసుక రెండు ట్రాక్టర్లు.

మనిషి కూర్చునే కట్టు విషయంలో నేను ఏదీ సొంతంగా చేయలేదు. ఉక్కు తీగ మీద పరుగెత్తడానికే చేసిన, బేరింగు చక్రాలున్న ట్రాలీ కొన్నాను. ఎత్తుల్లో పని చేసే కూలీలు వేసుకునే ఫుల్‌బాడీ హార్నెస్‌లు ఐఎస్ 3521 ముద్రతో దొరుకుతాయి, అవి పెద్దవాళ్ళ కొలతలవి. పిల్లలకు వేస్తే భుజాల నుంచి జారతాయి. పిల్లల కొలతవి బెంగళూరు నుంచి తెప్పించాం. ట్రాలీకి ఒక కట్టు, అది వీడితే పట్టుకోవడానికి నేరుగా తీగ మీదికి ఇంకో కట్టు. హెల్మెట్. పైన వదిలేది నేనొక్కడినే, దిగే చోట బావ. ఎక్కేవాడి కొక్కేన్ని ఎక్కించినవాడు ఒకసారి, ఇంకొకరు ఒకసారి చేత్తో లాగి చూసి "సరే" అనాలి. కింద నుంచి బావ చెయ్యి ఎత్తకుండా పైనుంచి ఎవరూ కదలరు.

తొమ్మిది రోజుల తర్వాత మొదటి మనిషిగా నేనే పోయాను. తర్వాత బావ. మూడో రోజు మేనల్లుడు. గుట్ట మీద నుంచి వదిలినప్పుడు వాడు అరవలేదు. అరటాకుల మీదుగా, గెలల మీదుగా నోరు తెరుచుకుని పోయాడు. దిగాక వాళ్ళ నాయన హార్నెస్ విప్పుతుంటే ఒకటే అన్నాడు: "పైనుంచి మన తోట ఎంత పెద్దగుందో నాయనా."

ఊరివాళ్ళు వచ్చారు. టిక్కెట్టు పెట్టమన్నారు. గండికోటలో పెన్న లోయకు అడ్డంగా కడితే లక్షలొస్తాయన్నారు. ఆ కోట కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడం, దాని రాళ్ళకు మేకు కొట్టే హక్కు ఎవరికీ లేదు. లోయ అంచు బండలు పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి, ఏ పొర గట్టిదో ఏ పొర ఊడేదో పైనుంచి చూసి చెప్పలేం. ఇక టిక్కెట్టు మాట. 2018లో కేంద్ర పర్యాటక శాఖ, అడ్వెంచర్ టూర్ ఆపరేటర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాతో కలిసి తెచ్చిన మార్గదర్శకాల్లో జిప్‌లైన్‌కు కావలసిన సామాను, శిక్షణ, తనిఖీ, రికార్డులు ఉన్నాయి. డబ్బు తీసుకుని ఎక్కించాలంటే ఇంజనీరు లెక్క కావాలి, శిక్షణ పొందిన మనుషులు కావాలి, బీమా కావాలి. 2025 జూన్‌లో మనాలిలో నాగపూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి జిప్‌లైన్ మీద నుంచి పడి బాగా దెబ్బలు తిన్నదని టీవీలో చూశాక, మా తీగ మా పిల్లలు ఐదుగురు దాటి ఎవరికీ కాదని గుట్ట కింద గేటుకు తాళం వేశాను. పెద్దవాళ్ళు లేనప్పుడు ట్రాలీ తీగ మీద ఉండదు, ఇంట్లో బీరువాలో ఉంటుంది.

జీపులుండి, వించ్‌లుండి, పిల్లల ముచ్చట తీర్చాలనుకునే తమ్ముళ్ళు మన జిల్లాలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. థార్ జీపు కొన్న ప్రతి ఇంట్లో నా పెట్టెలాంటి పెట్టె ఒకటుంది. వాళ్ళకు చెప్పేది ఒకటే. ఆ పెట్టె తీగను పైకెక్కించడానికి పనికొస్తుంది. ఎక్కించాక పక్కకు తప్పుకోవాలి. బిడ్డను మోసే ప్రతి వస్తువూ దానికోసమే చేసినదై ఉండాలి, రిగ్గింగు తెలిసిన మనిషి ఒకరు వచ్చి చేత్తో ముట్టి చూసి ఉండాలి.

రోజూ ఎక్కే ముందు నేను చేసే పని ఇంకొకటుంది, అది జేజినాయన మోకు దగ్గర నేర్చుకున్నది. పాత పంచె ముక్కను తీగకు చుట్టి, నిచ్చెన వేసుకుని రెండు కొనలనూ, గుడ్డకు కట్టిన తాడుతో లాగించి మధ్యభాగాన్నీ తుడుస్తాను. ఉక్కు పోగు ఒక్కటి తెగినా నూలుగుడ్డ అక్కడ పట్టుకుంటుంది. కంటికి కనపడనిది గుడ్డకు దొరుకుతుంది.

మొన్న సంక్రాంతి సెలవులకు పిల్లలందరూ వచ్చారు. కనుమ పొద్దున గుడ్డ వేప వైపు కట్టుకు మూరెడు ఇవతల పట్టుకుంది. విప్పి చూస్తే రెండు పోగులు తెగి లేచి ఉన్నాయి, ట్రాలీ బ్రేకుకు తగిలి ఆగే చోటది. ఆ పూటే తీగ దించేశాం. మేనల్లుడు కాసేపు ఏడ్చి, తర్వాత తనే పానా అందించాడు. కొత్త తీగకు చెప్పాను, ఇంకా రాలేదు. పాతదాన్ని చుట్టచుట్టి అలాగే అంగడికి వేయబుద్ధి కాలేదు. గ్రైండరు పెట్టి గజం గజం ముక్కలుగా కోసి వేశాను. పొడుగ్గా ఉంటే ఎవరో ఒకరు తూకానికి కొని మళ్ళీ కడతారు.